కంపెనీ బావ పేరున, పని బామ్మర్దిది

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లకు పన్ను లెక్కలు చూస్తుంటాను. ఎంఎస్ అవగానే సొంత కంపెనీ పెడతామనే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. టెక్సాస్‌లో 300 డాలర్లు కడితే ఎల్‌ఎల్‌సీ చేతికొస్తుంది. నీ వీసా ఏమిటని రాష్ట్రం అడగదు. చిక్కంతా అక్కడే! కంపెనీకి యజమాని కావచ్చు గానీ, అందులో పని చేయడానికి అనుమతి విడిగా ఉండాలి.

చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే పని చేయనిచ్చే ఓపీటీ మొదటి 12 నెలల్లో ఆ అనుమతి ఉంటుంది. వ్యాపారం చదివిన చదువుకు సంబంధించినదై, వారానికి కనీసం 20 గంటలు పని చేసినట్టు ఆధారాలుంటే చాలు. ఆ తర్వాత సైన్స్, టెక్నాలజీ వంటి చదువుల వాళ్లకిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపులో కథ మారుతుంది. ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి, శిక్షణ ప్రణాళిక ఫారం ఐ-983 మీద యజమాని తరఫున వేరొకరు సంతకం పెట్టాలి. మనకు మనమే మేనేజరు కాలేం. అందుకే, తేలికైన ఆ మొదటి ఏడాదిని కన్సల్టెన్సీల చుట్టూ తిరగడంలో కరిగించేసి "ముందు హెచ్-1బీ వీసా రానీ" అనేవాళ్ల లెక్క నాకు తలకిందులుగా కనిపిస్తుంది. 2025 జనవరి నుంచి సగానికి మించి వాటా ఉన్నవాళ్లకూ సొంత కంపెనీ ద్వారా హెచ్-1బీకి దారి ఇచ్చారు, నిజమే. కానీ తొలి రెండుసార్లూ 18 నెలల చొప్పునే. పైగా లాటరీ తగలాల్సిందే.

ఆ మొదటి ఏడాది దాటినవాళ్లు "పేపర్ల మీద బావ ఉంటాడంకుల్, పని నేను చూసుకుంటా" అంటారు. ఇది వినగానే నాకు ఒళ్లు మండుతుంది. జీతం తీసుకోకపోతే పని కాదనుకోవడం ఒట్టి భ్రమ. గ్రీన్‌కార్డు దరఖాస్తు రోజున ప్రతి ఉద్యోగం లెక్కకు వస్తుంది. బావ నిజంగానే భాగస్వామి అయి, పని నేర్పి, అవసరమైతే బామ్మర్దిని తీసేయగలిగేలా రాసుకుంటే వేరే సంగతి. అలా రాసుకోమంటే మాత్రం మొహమాటం!

ఇక గుంటూరు నుంచి ఫోన్లు. "ఎకరం అమ్మి పెట్టుబడి పంపితే వీసా ఇస్తారటగా?" వాళ్లు విన్నది ఈ-2 పెట్టుబడి వీసా గురించి. అది ఒప్పందం ఉన్న దేశాల వారికే. ఆ జాబితాలో పాకిస్తాన్ ఉంది, మనం లేం. ఏజెంటు ఈ ముక్క చెప్పడు. పొలం బేరం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడమంటాను. ఆ ఫీజు ఎక్కువనేవాళ్లు ఇంకా ఉన్నారు.