మూత క్రింది తొట్టి

ఇల్లు కట్టువారు సింహద్వారమునకు మేలైన కలపను ఏరుదురు. గోడల రంగును నాలుగు మారులు మార్చుదురు. పెరటిలోని సెప్టిక్ ట్యాంకును మాత్రము మేస్త్రీకి వదలి, మూత బిగించి మఱచిపోవుదురు. ఆ మఱపు చిన్న దోషము కాదు.

మరుగుదొడ్డినుండి తొట్టిలోనికి వచ్చిన మలినములో బరువైన భాగము అడుగున మడ్డిగా దిగును. జిడ్డు పైకి తేలి తెట్టె కట్టును. ఈ రెంటి నడుమనున్న నీరు మాత్రమే గొట్టము గుండ ఇంకుడుగుంటకు పోవలెను. గాలి సోకని ఆ చీకటిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు మడ్డిలో కొంత భాగమును తిని కరిగించును. కొంత మాత్రమే! మిగిలినది ఏటేట పేరుకొనును. కావున రెండు మూడేండ్లకొకసారి దానిని తోడింపవలెను. లేనిచో మడ్డి నీటితో కొట్టుకొనిపోయి ఇంకుడుగుంటను పూడ్చివేయును. ఇంకుడుగుంటయే లేక, గొట్టమును వీధికాలువలోనికి వదలిన ఇండ్లును కలవు. అట్టివారు తమ ఇల్లు శుభ్రముగ నున్నదని చెప్పుకొనుట వింతయే.

“దుర్వాసన లేదు గదా, వ్యయమెందుకు?” అని కొందరందురు. ఏండ్ల తరబడి తోడింపని మడ్డి గట్టిపడి, లారీపై వచ్చు యంత్రమునకు లొంగదు. అప్పుడే ఒక మనుష్యుని లోపలికి దింపు ఆలోచన పుట్టును. తొట్టిలో మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువులు నిండియుండును. రెండవదానికి కుళ్లిన గ్రుడ్డు వాసన కలదు. కాని అది మిక్కిలి హెచ్చినపుడు ముక్కు ఆ వాసనను పట్టు శక్తినే కోల్పోవును. దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. అతనిని రక్షింప దిగినవాడును అట్లే కూలును.

ఇట్లు మనుష్యుని దింపుటను 2013వ సంవత్సరపు చట్టము నిషేధించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయల పరిహార మీయవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినది. పరిహారము మరణము తరువాతి మాట. సకాలమున తోడించిన ఇంటివానికి ఆ మాటతో పనియే లేదు.

ఇల్లు కట్టునాడే లారీ గొట్టము అందుచోట తొట్టిని అమర్చవలెను. మూతపై బండలు పరచి కప్పివేయరాదు. తోడించిన తేదీని గోడమీద వ్రాసియుంచుట మంచిది. తోడిన మడ్డిని ఎచట పారబోయుదురో కూడ లారీవారిని అడుగవలెను. ఊరి చెరువుగట్టున వదలిపోవు లారీలు లేకపోలేదు.