ఆత్మను తూచు త్రాసు

మనుష్యుని స్వభావమును కొలువవచ్చునా అను ప్రశ్న పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రమునకు క్రొత్తది కాదు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ అను అమెరికా పండితు లిరువురు ఒక ఆంగ్ల నిఘంటువును గాలించి, మనుష్య స్వభావమును సూచించు మాటలు 17,953 కలవని లెక్క తేల్చిరి. తరువాతివారు అట్టి మాటలను వడపోసి, మూర్తిమత్త్వమునకు మూలాంశములు అయిదని నిర్ణయించిరి: ఉద్వేగ చాంచల్యము, బహిర్ముఖత్వము, నూతనానుభవముల యెడ ఆసక్తి, సౌమనస్యము, కార్యదీక్ష. ఈ అయిదింటిలో భక్తికి గాని, వైరాగ్యమునకు గాని, చావుపుట్టుకలను గూర్చిన చింతకు గాని ప్రత్యేక స్థానము లేదు.

ఈ లోటును పూరింపబూనిన వారిలో ముఖ్యుడు, మేరీలాండ్‌లోని లయోలా కళాశాలలో పనిచేసిన రాల్ఫ్ పీడ్‌మాంట్. ఆయన 1999లో 24 వాక్యముల ప్రశ్నావళి నొకదానిని ప్రకటించెను. ప్రార్థనవలన కలుగు తృప్తి, సర్వజీవులు ఒకటియే యను భావన, గతించినవారితోను రానున్నవారితోను గల అనుబంధము అను మూడును దానిలోని విభాగములు. ఆధ్యాత్మికత ఆ అయిదింటిలో ఇమడని ఆరవ అంశము కావచ్చునని ఆయన వాదము. 2002లో మార్క్ లీచ్‌తో కలిసి ప్రకటించిన పరిశోధనలో ఆ కొలతనే భారతదేశములోని హిందువులకు, మహమ్మదీయులకు, క్రైస్తవులకు వర్తింపజేసి చూచెను.

ఈ కృషిని తృణీకరించుట న్యాయము కాదు. 1927లో ఫ్రాయిడ్ మతమును భ్రాంతిగా చిత్రించిన పిదప, మనుష్యుని ఆధ్యాత్మిక జీవనము తనంతట తాను పరిశీలనార్హమని చెప్పుటకే శాస్త్రజ్ఞునికి ధైర్యము కావలసి వచ్చినది. పీడ్‌మాంట్ ఆ ధైర్యమును చూపెను. కాని ఆయన చేత నున్న త్రాసు తూచుచున్న వస్తువేది?

ప్రశ్నావళి కొలుచునది ఆధ్యాత్మికతను కాదు; తన ఆధ్యాత్మికతను గూర్చి మనుష్యుడు చెప్పుకొను మాటను. ఈ రెంటికిని గల దూరము భారతీయులకు చిరపరిచితము. భగవద్గీత పదునారవ అధ్యాయములో ఆసుర స్వభావుడు తన్ను గూర్చి తానే పలుకును: తాను సిద్ధుడననియు, సుఖిననియు, యజ్ఞము చేసెదననియు, దానము చేసెదననియు. అట్టివాని చేతికి 24 వాక్యముల కాగితమిచ్చినచో పూర్తి మార్కులు వచ్చుటకు సందేహమేమి? తన లోపములను ఎరిగి తలవంచుకొనువాడు తక్కువ మార్కులతో వెనుదిరుగును. ఏ విషయములో తన్ను తాను తక్కువ చేసికొనుటయే పరిపక్వతకు గుర్తో, ఆ విషయములో స్వయంకథనమును ప్రమాణముగా గొనుట నేరస్థునే న్యాయాధిపతిగా కూర్చుండబెట్టుట వంటిది.

పీడ్‌మాంట్ పక్షమువారి కొక సమాధానము కలదు. ఆయన స్వయంకథనముతో తృప్తిపడక, పరిచితుల అభిప్రాయములను గూడ సేకరించెను. ఇది మెచ్చదగినదే. కాని ఇరుగుపొరుగువారికి కనబడునది నుదుటి బొట్టు, చేతిలోని జపమాల, ఆదివారపు ప్రార్థన, శుక్రవారపు నమాజు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినంత మాత్రమున వారు చూచినది హృదయమే యని సిద్ధింపదు. కబీరు, వేమన వంటివారు ఆయా కాలముల ధార్మికులను ఎత్తిపొడిచినది ఈ వేషమును గూర్చియే. వారి పొరుగువారిని ప్రశ్నించియుండినచో వారికి ఎన్ని మార్కులు వచ్చియుండెడివో ఊహింపవచ్చును.

పాశ్చాత్యుల కొలబద్ద పనికిరానిచో స్వదేశీయమైన దానిని నిర్మింపవచ్చును గదా యని కొందరందురు. అట్టి యత్నమును జరిగినది. సత్త్వరజస్తమోగుణములను కొలుచుటకై డేవిడ్ వుల్ఫ్ అను అమెరికా పరిశోధకుడు 56 వాక్యముల ప్రశ్నావళిని కూర్చి, 1999లో దానిని గూర్చి ప్రకటించెను. పేరు మారినది, పద్ధతి మారలేదు. పైగా సత్త్వము సయితము సుఖజ్ఞానముల యెడ ఆసక్తిచే జీవుని బంధించునని గీత పదునాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. మూడు గుణములను దాటుటయే అచట గమ్యము. గమ్యమే గుణాతీతమైనపుడు, సత్త్వమునకు హెచ్చు మార్కులు తెచ్చుకొనుట ఏపాటి విజయము?

ఈ చర్చ పండితుల గదులలోనే ఆగిపోయినచో నష్టము స్వల్పము. కాని కొలత పుట్టిన చోటనే నిలువదు. మిన్నెసోటాలో మనోవ్యాధి నిర్ణయమునకై నిర్మింపబడి 1943లో వెలువడిన ప్రసిద్ధ పరీక్షలో మతవిశ్వాసములను గూర్చిన వాక్యములు కలవు. అట్టి వాక్యములే కాలక్రమమున ఉద్యోగ పరీక్షలలో చేరినవి. 1989లో కాలిఫోర్నియాలో ఒక దుకాణ సంస్థలో కావలి ఉద్యోగము కోరిన అభ్యర్థి, తన దైవవిశ్వాసమునకును దొంగలను పట్టుటకును సంబంధమేమని న్యాయస్థానము నాశ్రయించెను. ఉద్యోగముతో సంబంధము లేని అట్టి ప్రశ్నలు ఆంతరంగిక స్వాతంత్ర్యమునకు భంగకరములని 1991లో అప్పీలు న్యాయస్థానము తలచెను. 1993లో వ్యాజ్యము రాజీతో ముగిసినది.

భారతదేశమున ఈ హెచ్చరిక మరింత అవసరము. ఉద్యోగార్థుల మూర్తిమత్త్వమును పరీక్షించు ఆచారము సైన్యాధికారుల ఎంపికలో చిరకాలముగా ఉన్నది. ప్రైవేటు సంస్థలలోను ప్రబలుచున్నది. ఆ పట్టికలో ఆధ్యాత్మికత ఆరవ గడిగా చేరెనేని, నాస్తికుడు లోపముగలవాడగును, వినయవంతుడు వెనుకబడును, నటనాకుశలుడు నెగ్గును. 1950 నుండి అమలులోనున్న రాజ్యాంగపు ఇరువదియైదవ అధికరణము పౌరునికి అంతఃకరణ స్వాతంత్ర్యము నొసగినది. ఆ అంతఃకరణమును ఉద్యోగార్హతగా లెక్కించుట దానిని పూర్వద్వారమున అంగీకరించి పెరటిద్వారమున అపహరించుట.

కావున హద్దు స్పష్టముగా గీయవలెను. వేలమంది ఉత్తరములను కలిపి, ప్రార్థనకును ఓర్పునకును, విశ్వాసమునకును దుఃఖసహనమునకును గల సంబంధమును శాస్త్రజ్ఞుడు వెదకవచ్చును, అది విజ్ఞానము. ఒక వ్యక్తి ముందు కాగితము నుంచి అతని ఆత్మకు సంఖ్య వేసి, ఆ సంఖ్యనుబట్టి అన్నము పెట్టుటయో మానుటయో నిర్ణయించుట విజ్ఞానము కాదు, విచారణాధికారము. మతాధిపతుల చేతినుండి ఆ అధికారమును తప్పించుటకు మానవజాతికి శతాబ్దములు పట్టినది. దానిని మనస్తత్త్వ పరీక్షకుల చేతికి మరల అప్పగింపరాదు.