నేలలో దాచిన బొగ్గు ఎవరి ఖాతాలో జమ?

పంట వ్యర్థాలను పొలంలో తగులబెట్టరాదని ప్రభుత్వాలు ఆంక్షలు విధిస్తున్నవి. రైతులు తగులబెడుతూనే వున్నారు. పంజాబ్, హర్యానాలలో వరికోతకు, గోధుమ విత్తడానికి నడుమ దొరికే వ్యవధి రెండు మూడు వారాలు మాత్రమే. తెలంగాణలో పత్తి ఏరివేత ముగిసిన చేలలో పత్తికట్టెకు కూడ అదే గతి పడుతున్నది. కట్టె తీయించే కూలి, మోసే బండి కిరాయి రైతు నెత్తిన వున్నంతకాలం జరిమానాలు ఆ మంటలను ఆర్పజాలవు.

ఈ పరిస్థితిలో బయోచార్ అనే మార్గం ముందుకు వచ్చింది. గాలి చాలీచాలని బట్టీలో కాల్చితే వ్యర్థాలు బూడిద కావు, బొగ్గవుతాయి. ఆ బొగ్గును నేలలో కలుపుతారు. మొక్క గాలి నుండి గ్రహించిన కర్బనంలో సుమారు సగం బొగ్గులో నిలుస్తుంది; అందులో అధికభాగం వందల సంవత్సరాలు నేలలో చెక్కుచెదరదు. అదే కట్టె కుళ్లినా, ఆరుబయట కాలినా ఆ కర్బనం త్వరలోనే బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. అమెజాన్ ప్రాంతంలో ప్రాచీనులు బొగ్గు కలిపి సారవంతం చేసిన నల్లనేలలు నేటికీ వున్నవి. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ నూనె డ్రమ్ముతో చిన్న బట్టీని రూపొందించి పత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్న చొప్పలతో బొగ్గు తీసి చూపింది.

ఆవిరి ఇంజన్లపై ఫైర్‌మన్లుగా పనిచేసిన మన విశ్రాంత సహచరులకు ఒక సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. పొగగొట్టం నుండి నల్లని పొగ పోతున్నదంటే ఇంధనం కాలకుండా పోతున్నదన్నమాట. బట్టీలోనూ అంతే. పొగను మంటలోనే కాల్చివేయకపోతే మీథేను బయటపడుతుంది. అది బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నోరెట్లు వేడిని పట్టివుంచుతుంది. ఆ పొగను, మసిని పీల్చేది బట్టీ ముందున్న కూలీయే. పైగా దిగుబడి అన్ని నేలలలో ఒకేరీతిగా పెరగదు. ఆమ్ల నేలలకు మేలు ఎక్కువ. క్షారగుణం గల మన నల్లరేగళ్లలో అంతటి ఫలితం ఆశించరాదు.

అయినా పెట్టుబడి ఇటు చూస్తున్నది. 2025 జనవరిలో గూగుల్ సంస్థ, మనదేశపు వరాహ అనే సంస్థ నుండి 2030 నాటికి లక్ష టన్నుల మేరకు బయోచార్ కర్బన క్రెడిట్లు కొనడానికి ఒప్పందం కుదుర్చుకున్నది. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును గాలి నుండి తీసి దాచినట్లు ధ్రువపత్రం వస్తే దానికొక ధర. కొన్నవారు తమ ఉద్గారాలకు దానిని చెల్లుచీటీగా చూపుకోవచ్చు.

బయోచార్‌ను మేము వ్యతిరేకించడం లేదు. మేము అడుగుతున్నది వాటా సంగతి. కట్టె రైతుది, కాల్చేది కూలీ, తరతరాలు ఆ బొగ్గును దాచివుంచేది చేను. క్రెడిటు మాత్రం అమ్మే సంస్థ పేర నమోదవుతుంది. పట్టా మరొకరి పేర వున్నప్పుడు కౌలు రైతుకు దక్కేదేమిటి? ఇక బొగ్గు బట్టీల చరిత్ర మనకు తెలియనిది కాదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిన తర్వాత కూడ దక్షిణాదిలో తుమ్మబొగ్గు బట్టీల నుండి కుటుంబాలను అధికారులు విడిపించవలసి వచ్చింది. పర్యావరణం అనే ముద్ర పడినంతమాత్రాన, బయానా ఇచ్చి మనిషిని కట్టిపడేసే మేస్త్రీ మారిపోడు.

కనుక ఒప్పందం రైతు చదవగల భాషలో వుండాలి. టన్ను ధరలో రైతుకెంత, కౌలుదారుకెంత అన్నది అందులో అంకెలతో వ్రాసివుండాలి. బట్టీ వద్ద కనీస వేతనం, పొగ నుండి రక్షణ కల్పించాలి. సొమ్ము నేరుగా ఖాతాలో పడాలి. గ్రామీణ డాక్ సేవకులు ఊరూరా ఖాతాలు నడుపుతుండగా (వారి వేతన సమస్య వేరే సంగతి) నడుమ దళారి దేనికి?

మన సభ్యులలో ఎందరికో స్వగ్రామంలో రెండు మూడెకరాల చెలక వున్నది. సంస్థల ఏజెంట్లు కాగితాలతో వచ్చినప్పుడు సంతకానికి ముందు వాటిని పూర్తిగా చదివించుకోవాలి. అట్టి కాగితాల నకళ్లను శాఖా కార్యదర్శులు కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.