మెలియాయిడోసిస్: జన్యువు మారితే తీవ్రత మారుతుంది

2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల నేపథ్యంలో మెలియాయిడోసిస్ అనుమానం తలెత్తి కలకలం రేగింది. ఈ వ్యాధి ఒకరిలో చర్మంపై పుండుగానే మిగిలిపోగా, మరొకరిలో మెదడుకు పాకుతుంది. ఈ తేడా ఎందుకు?

కారక సూక్ష్మజీవి బర్కోల్డేరియా సూడోమల్లై. తడినేలలో, నీటిలో జీవిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో 556 మంది రోగులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఈ సూక్ష్మజీవి కణం నుంచి కణానికి పాకేందుకు తోడ్పడే ‘బిమ్‌ఏ’ జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఉంటే, నాడీమండలం దెబ్బతినే అవకాశం సుమారు 14 రెట్లు అధికమని తేలింది. ‘ఎఫ్‌హెచ్‌ఏబీ3’ జన్యువు లేని రకానికి చర్మానికే పరిమితమయ్యే పుండ్లతో సంబంధం కనిపించింది.

అయితే జన్యువే సర్వస్వం కాదు. మధుమేహ రోగులకే ముప్పు ఎక్కువ. పెన్సిలిన్, జెంటామైసిన్ వంటి మందులు సాధారణంగా దీనిపై పనిచేయవు. కనీసం 10 రోజులు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు, ఆపై 3 నెలలు మాత్రలు అవసరం. మెదడుకు సోకితే చికిత్సా కాలం ఇంకా పెరుగుతుంది.

జన్యు పరీక్షల మాట తర్వాత. జ్వరం తగ్గని మధుమేహ రోగికి సకాలంలో రక్తం కల్చర్ పరీక్ష చేయించే ఏర్పాటు జిల్లా ఆసుపత్రుల్లో ఉండటమే తక్షణావసరం.