బక్రాకి పళ్లు చూస్తాం, గిటార్‌కి రంగు చూస్తామా?

బక్రీద్‌కి వారం ముందు బక్రా కోసం సంతకి పోతాం కదా, అక్కడ ఏం చేస్తాం? నోరు తెరిచి పళ్లు చూస్తాం. ఏడాది నిండిందా, చెవి తెగిందా, కాలు కుంటుతోందా అని చుట్టూ తిరిగి చూస్తాం. వెన్ను మీద చెయ్యి వేసి బరువు అంచనా కడతాం. ఒట్టి రంగు చూసి ఎవడైనా డబ్బులు తీశాడంటే పక్కనున్న చాచా ఒకరు "అరే పాగల్" అనకుండా వదలరు.

అంత హుషారుగా బేరం చేసే నేనే మూడేళ్ల కింద నా కూతురికి గిటార్ కొనడానికి పోయి రంగు చూసి కొన్నాను. నీలం రంగు, తళతళ మెరుపు, బ్యాగు ఫ్రీ, బెల్టు ఫ్రీ. తిరుపతిలోనే ఒక దుకాణంలో నాలుగు వేలు. "ముందు చవకది కొందాం, షౌక్ నిలబడితే అప్పుడు మంచిది చూద్దాం" అని ఇంట్లో చెప్పాను. మీలో చాలామంది కూడా ఇదే మాట అని ఉంటారు.

అప్పుడు బేటీకి పదకొండేళ్లు. ఆ గిటార్‌కి స్టీలు తీగలు. తీగ కింద నా చిటికెన వేలు దూరేంత ఎత్తు. నొక్కితే వేలి కొనలు కోసుకుపోయేవి. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోయేది. మూడు నెలలు కష్టపడి వదిలేసింది. గిటార్ బీరువా మీదికి ఎక్కింది. ఆ తర్వాత చిత్తూరులో మా ఫుప్పు ఇంట్లో దావత్ జరిగింది. అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని ఉండగా నేను నవ్వుతా అన్నాను: "తేరేకు షౌక్‌ఇచ్ నై బేటీ, సబ్ ఫుజూల్ ఖర్చా." పిల్ల తల దించుకుని ప్లేటులో అన్నం కెలుకుతా కూర్చుంది. ఒక్క మాట జవాబు చెప్పలేదు.

పోయిన రంజాన్‌లో మా వీధిలో ఉండే సార్ ఒకాయన ఇఫ్తార్‌కి వచ్చాడు. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. బీరువా మీద బ్యాగు చూసి దించమన్నాడు. దుమ్ము తుడిచి, శ్రుతి చేసి, రెండు నిమిషాలు నొక్కి చూసి పక్కన పెట్టేశాడు. "భాయ్, దీన్ని నేనే వాయించలేను. పాప మూడు నెలలు వాయించిందంటే మాషా అల్లా అనాలి" అన్నాడు. ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడ్డానే కానీ ధ్యాసంతా ఆ దావత్ మీదే ఉండింది.

అందుకే ఇది రాస్తున్నాను. "ముందు చవకది, తర్వాత మంచిది" అనే మన ఉసూలు చెప్పులకి, స్కూలు బ్యాగుకి పనికొస్తుంది. సాజ్‌కి పనికిరాదు. కుట్టు నేర్చుకునే పిల్లకి దారం తెంపే మిషన్ ఇస్తే కుట్టు వంకర పోయింది తన చేతి వల్లా, మిషన్ వల్లా అన్నది ఆ పిల్లకి ఎట్లా తెలుస్తుంది? తన చేతి తప్పే అనుకుంటుంది. పెద్దవాళ్లు చెడ్డ గిటార్ వాయించి అది చెడ్డదని కనుక్కుంటారు. పిల్లలు తమనే చెడ్డ అనుకుంటారు. ఇది జుల్మ్. చేసినవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

ఈసారి సార్ మష్వరా అడిగి క్లాసికల్ గిటార్ కొనాలని ఫైసలా చేసుకున్నాం. దీనికి నైలాన్ తీగలు, వేళ్లకి మెత్తన. మెడ వెడల్పు, నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వేలికి వేలికి జాగా దొరుకుతుంది. తీగ పొడవు మామూలుగా 650 మిల్లీమీటర్లు. పిల్లలు చిన్నవాళ్లయితే ముప్పావు సైజువి కూడా వస్తాయి, పెద్దది కొని "పెరుగుతుందిలే" అనుకోవద్దు. అది షేర్వానీ కాదు.

మధ్య రకం ధర అంటే నా లెక్కలో ఇరవై నుంచి ముప్పై వేలు. అంత ఎందుకు అంటారా? గిటార్ ఆవాజ్ ముఖ్యంగా పైచెక్క కదలడం నుంచి వస్తుంది. చవక వాటిలో పైచెక్క ప్లైవుడ్. పది వేల చుట్టుపక్కల దొరికే యమహా సీ 40 కూడా అంతే. మొదలుపెట్టడానికి అది పనికిరాదని నేను అనను, నా నీలం గిటార్ కంటే వంద రెట్లు నయం. కానీ యమహా సీజీ 122, కోర్డోబా సీ 5 లాంటి వాటికి పైచెక్క ఒకే అసలు చెక్క. మనం పెంచి ఇచ్చే డబ్బు ఆ చెక్కలోకి పోవాలి, రంగులోకి కాదు. చెక్క విలువ మన జిల్లావాళ్లకి ఒకరు చెప్పాలా? మన శేషాచలం ఎర్రచందనం జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల సాజ్‌కి మెడ అవుతుంది.

తిరుపతి నుంచి పొద్దున్నే రైలెక్కి చెన్నై పోయాం. నాలుగు గిటార్లు ఒకే చోట వాయించి చూడాలంటే మనకి దగ్గర ఊరు అదే. సార్ మా వెంట వచ్చాడు. ఆయన చూసినవి మీకూ పనికొస్తాయి.

ఒకటి, మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచు చూడాలి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలో కూడా తిన్నగా దిగితే అసలు చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. దుకాణంవాళ్లు వెనక చెక్క రోజ్‌వుడ్ అని గొప్పగా చెప్తారు. వినండి, కానీ ముందు పైచెక్క చూడండి.

రెండు, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు. చిన్న స్కేలు జేబులో పెట్టుకుపోండి. లావు తీగ కింద నాలుగు మిల్లీమీటర్లు, సన్న తీగ కింద మూడు, ఆ దరిదాపుల్లో ఉంటే చాలు. ఎక్కువుంటే బ్రిడ్జి మీది సాడిల్‌ని అడుగున అరగదీయొచ్చు. ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటర్ తగ్గాలంటే సాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. మాకు దుకాణంలోనే చేసిచ్చారు.

మూడు, శ్రుతి. పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటండి. రెండూ ఒకటే కావాలి. ఫోన్లో ట్యూనర్ పెట్టుకుంటే చెవి లేనివాళ్లకి కూడా తెలుస్తుంది. తేడా వస్తే ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

నాలుగు, ప్రతి తీగ, ప్రతి ఫ్రెట్ ఒక్కొక్కటిగా మీటించండి. ఎక్కడైనా జర్రుమంటే పక్కన పెట్టండి. బ్రిడ్జి అంచు కింద కాగితం దూర్చి చూడండి. దూరితే అతుకు లేస్తోందని అర్థం.

అయిదు, వాయించేవాళ్ల పక్కన కాదు, ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి కళ్లు మూసుకుని వినండి. సెడార్ పైచెక్క ఆవాజ్ మెత్తగా, వెచ్చగా ఉంటుంది. స్ప్రూస్ ఖణీమంటుంది, ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా విచ్చుకుంటుంది. ఇందులో మంచీ చెడూ లేదు, పసంద్ మాత్రమే. అది పిల్ల పసంద్ కావాలి. మా పాప సెడార్ అంది. ఇరవై నాలుగు వేలయింది.

ఇంటికి తెచ్చాక రెండు జాగ్రత్తలు. నైలాన్ తీగలు తీసి స్టీలు తీగలు ఎప్పుడూ కట్టొద్దు. ఆ లాగుడుకి పైచెక్క ఉబ్బి బ్రిడ్జి ఊడిపోతుంది. మన తిరుపతి, చిత్తూరు ఎండాకాలం సంగతి తెలిసిందే. గాలి ఎండిపోతే అసలు చెక్క పగులుతుంది. బ్యాగులోనే పెట్టి, చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పక్కన ఉంచండి. వానాకాలంలో ఆ స్పాంజి తీసేయండి. కారులో, రేకుల కప్పు కింద వదిలేయొద్దు.

ఇక ఇంట్లో వచ్చే సవాల్ నాకు తెలుసు. ఫుప్పు ఫోన్ చేసి అడిగింది: "లడ్కీకో గిటార్ కాయ్‌కు రే?" సాజ్ మీద మన ఉలేమాలో ఇఖ్తిలాఫ్ పాతది. నేను ఆలిం కాను, ఫత్వా ఇవ్వను. వద్దనుకునే ఇళ్లని ఇజ్జత్‌తోనే చూస్తాను. కానీ సాజ్ మనకి పరాయిదని మాత్రం ఎవరూ అనొద్దు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్ వైపు నుంచి కుర్తుబా చేరిన జిర్యాబ్ ఊద్ వాయించిన ఉస్తాద్. యూరప్ వాళ్ల లూట్ అనే పేరు మన అల్-ఊద్ నుంచే వచ్చింది. గిటార్ మనమే పుట్టించామని దావా చేయను, అది నిజం కాదు. అంత దూరం ఎందుకు, కరవది నుంచి వచ్చిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరానికి దేశమంతా తల వంచింది. కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ జంటకి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె కూడా ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో లడ్కీయే కదా ఫుప్పూ, అన్నాను. ఫుప్పు కాసేపు ఆగి, "మహంగా హై క్యా?" అంది.

మహంగానే. పోయినేడు మా ఇంట్లో అఖీఖాకి పెట్టిన బిర్యానీ ఖర్చులో సగం కాదు. ఆ బిర్యానీ ఒక్క పూటలో అయిపోయింది.

చిత్తూరు దావత్‌లో అన్న మాటకి పిల్లకి మాఫీ చెప్పాను. "పర్వాలేదు అబ్బా" అంది కానీ అంత సులువుగా మరిచిపోదని నాకు తెలుసు. మీ ఇంట్లో బీరువా మీద కూడా ఒక గిటార్ ఉంటే ఈ జుమ్మా నమాజ్ అయ్యాక కిందికి దించండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి కొలవండి. మీ పిల్లకి షౌక్ ఉందో లేదో ఆ తర్వాత చెప్పండి.