వకీలు పొరపాటు, వాది హక్కు

గత నెల ఒక జుమా నమాజు ముగిసిన తరువాత ఒక వితంతువు తన కుమారునితో కలిసి మా వద్దకు వచ్చారు. చేతి సంచిలో భర్త కొన్న 120 గజాల ఇంటి స్థలం దస్తావేజు, వకీలుకు చెల్లించిన ఫీజు రసీదులు ఉన్నాయి. ఆ స్థలాన్ని ఆక్రమించిన వ్యక్తిపై, హక్కును ప్రకటించి స్వాధీనం ఇప్పించమని ఆమె వేసిన దావాను కోర్టు ఏడు నెలల క్రితమే కొట్టివేసింది. ఆ సంగతి ఆమెకు ఆ వారమే తెలిసింది. వకీలుగారి గుమాస్తా 21వ తేదీ వాయిదాను డైరీలో 27గా రాసుకున్నాడు. కేసు పిలిచిన రోజున ప్రతివాది హాజరైనాడు; ఈమె పక్షాన పలికినవారు లేరు. "మా నసీబు ఇంతే, సబర్ చేస్తాం" అన్నారామె.

సబర్ గొప్ప గుణమే. కాని హక్కును వదులుకోవడానికి దానిని సాకు చేసుకోరాదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపినవారము గనుక, ఒక అంకె తప్పు ఎంత కీడు చేయగలదో మాకు తెలుసు. దానిని సరిదిద్దే మార్గం కూడా చట్టంలోనే ఉన్నదని తెలుసు.

వాది గైర్హాజరై, ప్రతివాది హాజరైనపుడు దావా కొట్టివేస్తే, అదే కారణంపై మళ్లీ కొత్త దావా వేయడానికి వీలు లేదు. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 9వ రూలు కింద, గైర్హాజరుకు తగిన కారణం చూపి, పాత దావానే పునరుద్ధరించమని కోరవచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇందుకు ఇచ్చిన గడువు 30 రోజులు. ఆ లెక్క మనకు తెలిసిన రోజు నుంచి కాక, కొట్టివేసిన రోజు నుంచే మొదలవుతుంది. గడువు దాటితే అదే చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని మరొక పిటిషన్ జతచేయాలి. పునరుద్ధరణకు కోర్టు నిరాకరిస్తే అప్పీలు హక్కు ఉన్నది.

1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నను పరిశీలించింది. వకీలును పెట్టుకొని, ఫీజు చెల్లించి, తన వంతు చేయవలసినదంతా చేసిన కక్షిదారు, ఆ వకీలు గైర్హాజరు వల్ల నష్టపోరాదని చెప్పి, రఫీక్ అప్పీలును తిరిగి విచారించమని హైకోర్టుకు పంపింది. అయితే 1993లో సలీల్ దత్తా కేసులో, వకీలుపై నెపం వేసినంత మాత్రాన ప్రతివారికీ ఈ మన్నింపు దొరకదని అదే న్యాయస్థానం హెచ్చరించింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదువుకోవాలి. వకీలు పొరపాటును కోర్టు మన్నించవచ్చు. కక్షిదారు నిద్రను మన్నించడం కష్టం.

కనుక కొట్టివేత తెలిసిన వెంటనే ఉత్తర్వు నకలుకు దరఖాస్తు చేయాలి. ఏ రోజున, ఎవరి ద్వారా, ఎలా తెలిసినదో ప్రమాణపత్రంలో తేదీలతో ఉన్నదున్నట్లు రాయాలి. లేని జబ్బును, దొంగ మెడికల్ సర్టిఫికెట్టును జతచేస్తే ఉన్న నిజం కూడా నమ్మశక్యం కాకుండా పోతుంది. పాత వకీలుతో తగవుకు దిగడం కంటె, జరిగిన పొరపాటును ఒప్పుకొంటూ ఆయన చేత, గుమాస్తా చేత ప్రమాణపత్రాలు ఇప్పించుకోవడం మేలు. నిర్లక్ష్యం ఘోరమైనదైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు గాని, ఆ ఫిర్యాదు దావాను బ్రతికించదు.

వకీళ్లందరినీ నిందించడం మా ఉద్దేశం కాదు. ఫీజు అడగకుండా మన పేదల కేసులు నడిపినవారు ఎందరో ఉన్నారు. వకాలత్నామా ఒక అమానత్. దానిని కాపాడే బాధ్యత వకీలుది. కనిపెట్టి ఉండవలసిన బాధ్యత మనది. ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది నమోదు చేస్తే తరువాతి వాయిదా ఎవరికైనా కనబడుతుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు.

మస్జిదు కమిటీలకు మా మనవి ఒక్కటే. చదువుకున్న యువకులను ఇద్దరిని నియమించి, మహల్లాలోని వితంతువుల, వృద్ధుల కేసుల వాయిదాలను నెలకొకసారి చూసి చెప్పే ఏర్పాటు చేయండి. దీనికి నిధులు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఒక ఫోను చాలు.

ఆ తల్లి పిటిషన్లు రెండూ దాఖలైనాయి. గుమాస్తా తన డైరీ పుటతో సహా ప్రమాణపత్రం ఇచ్చాడు. ఫలితం కోర్టు చేతిలో ఉన్నది. ఈసారి మాత్రం వాయిదా తేదీని ఆమె కుమారుడు స్వయంగా రాసుకున్నాడు, మేమూ రాసుకున్నాము.