ఆసుపత్రి సాయంలోకి ఏఐ: ‘అర్హత లేదు’ అంటే జవాబు చెప్పేదెవరు?

జడ్చర్లలో ఒక కూలీకి ఆపరేషన్ అవసరమైందనుకోండి. జబ్బు సంగతి డాక్టర్ చూస్తారు. డబ్బెలా, ఏ పథకం వర్తిస్తుంది, రోగి దగ్గర ఎవరుంటారు, ఇంటికెళ్లాక మందులెలా అన్నవి చూసేది మెడికల్ సోషల్ వర్కర్. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో ఇందులో కొంత పని ఆరోగ్యమిత్రలు చేస్తారు. ఈ పనికి ఏఐ ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఎక్కడ ఉపయోగం?

రాతపనిలో. రోగి చెప్పిన వివరాలను కేసు నోట్‌గా మార్చడం, దరఖాస్తు చిత్తుప్రతి రాయడం, పథకాల జాబితా తీయడం. పోలేపల్లి సెజ్‌లో పనిచేసే వేరే రాష్ట్రాల కార్మికులతో మాట్లాడటానికి అనువాదం. అలా మిగిలిన సమయం రోగికి దక్కితే మంచిదే.

చిక్కెక్కడ?

అర్హత తేల్చే పనీ దానికే వదిలేస్తే. తెలంగాణకు ఈ అనుభవం ఉంది. వాహనాలు, ఆస్తుల వంటి రికార్డులను పేరు, చిరునామాలతో సరిపోల్చే ‘సమగ్ర వేదిక’ను ప్రభుత్వం వాడింది. 2014–2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ఇంటికెళ్లి చూడకుండా, కంప్యూటర్ లెక్కతోనే తీసేశారంటూ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు క్షేత్రస్థాయి పరిశీలనకు ఆదేశించింది. ఆ జులై నాటికి చూసిన 2.05 లక్షల దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే వందకు ఏడెనిమిది మంది.

ఆసుపత్రికి దీంతో ఏం సంబంధం?

ఏళ్లుగా ఆరోగ్యశ్రీకి ప్రధాన ఆధారం ఆ కార్డే. 2023 డిసెంబరులో పథకం పరిమితి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. కార్డు పోయిన ఇంటికి ఆ పెంపుతో ఒరిగేదేమీ లేదు. పాలమూరు నుంచి వలస వెళ్లొచ్చే కుటుంబాల్లో ఫోన్ నంబర్లు మారుతుంటాయి. ఆధార్‌లో పేరు ఒకలా, కార్డులో మరోలా ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌కు అది అనుమానం. ఆ ఇంటి సంగతి తెలిసిన సోషల్ వర్కర్‌కు మామూలు విషయం.

ఏం అడగాలి?

ఏఐ సూచన ఇవ్వొచ్చు. ‘లేదు’ అనే మాట మాత్రం అధికారి సంతకంతో, కారణం తెలుగులో రాసి రావాలి. హెచ్‌ఐవీ, గృహహింస వంటి వివరాలను సిబ్బంది ఉచిత చాట్‌బాట్‌లలో పెట్టకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లోనే చట్టం వచ్చింది.

ఆరోగ్యశ్రీ కాదంటే ముందు ఆరోగ్యమిత్రను కారణం అడగండి, తర్వాత 104కు ఫోన్ చేయండి. కార్డు సమస్యైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.